డీకన్ అంటే, ఒక్క ముక్కలో

కుట్టుమిషను పక్క నుంచి,
జూన్ 3

ఒరేయ్ పండితుడా,

ఫోన్ చేస్తే "ఆ ఆ, చూస్తానక్కా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నా. కాగితం మీదైతే తప్పించుకోలేవు.

విషయం మన గరిటమ్మది. నువ్వు ఆవిణ్ణి చూసి ఎన్నాళ్లయిందో నీకే తెలియాలి, కాబట్టి మొదట్నుంచీ చెప్తా. పక్షవాతం వచ్చిందగ్గర్నుంచి ఆవిడకి కుడి దవడ పనిచెయ్యదు. ఎడమవైపు చెంచా పెట్టి, మింగిందాకా ఆగి, మళ్లీ పెట్టాలి. గిన్నెడు జావకి నలభై నిమిషాలు. వార్డులో ఆయా ఒక్కతి, మంచాలు ముప్పై. మనిషికి రెండు నిమిషాలు కూడా రావు. అందుకే ఎనిమిదేళ్లుగా మధ్యాహ్నం పన్నెండు అయ్యేసరికి మిషను ఆపేసి క్యారేజీ పట్టుకుని వెళ్తున్నా. ఇంతవరకూ ఎవరూ నువ్వెవరని అడగలేదు.

ఇప్పుడు ఆ చర్చివాళ్ల ఆసుపత్రికి కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. గేటు దగ్గర బోర్డు పెట్టాడు. భోజనాల వేళ లోపలికి రావాలంటే రోగి బంధువులై ఉండాలి, లేదా చర్చిలో హోదా ఉన్నవాళ్లై ఉండాలి. హోదాలు కూడా వాళ్లే రాశారు: బిషప్పు, పాస్టరు, ఎల్డరు, డీకను. కార్డు చూపించాలట. మిగతావాళ్లు నాలుగు నుంచి ఐదు మధ్య వచ్చి, చేతులు ఊపుకుంటూ చూసి పోవాలి. ఆ వేళకి తిండి లోపలికి రానివ్వరు.

బంధువులంటే ఆవిడకి ఎవరున్నారు? హాస్టల్లో వంట చేసి మనలాంటి తల్లిలేని పిల్లలకి అన్నం పెట్టడమేగా ఆవిడ బతుకంతా. సరే, చర్చి వైపు నుంచి వెళ్దామని కమిటీని అడిగా. నన్ను డీకన్ అని ఒక కార్డు ముక్క మీద రాసివ్వండి, నాకు ముందు వరసలో కుర్చీ వద్దు, ఏమీ వద్దు అన్నా. మన స్టేషన్ మాస్టారు, రిటైరై పదేళ్లయినా ఇంకా పచ్చజెండా తన చేతిలోనే ఉందనుకుంటాడు కదా, ఆయన గొంతు సవరించుకుని "డీకన్ అంటే అధికారి అమ్మా, ఆడవాళ్లకి ఎలా ఇస్తాం" అన్నాడు. కావాలంటే "సహాయకురాలు" అని రాసిస్తారట. ఆ మాట గేటు బోర్డు మీద లేదురా నాయనా!

నువ్వు ఇరవై ఏళ్లుగా నిఘంటువులు దిద్దుతున్నావు. ఆ మాటకి అసలు అర్థం ఏమిటో, ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఆడవాళ్లకి ఉండేదో లేదో కమిటీకి ఒక్క ముక్కలో రాసి పంపు. ఒక్క ముక్క అన్నాను, గుర్తుంచుకో. మొన్న ఆవిడ తూకం చూస్తే నలభై ఒక్క కిలో ఉంది.

అక్క


నిఘంటువు ఆఫీసు, మూడో అంతస్తు
జూన్ 14

అక్కా,

క్షేమం. నీ ఉత్తరం అందిన రోజు నుంచీ ఇదే పని మీద ఉన్నాను. కమిటీకి పదకొండు పేజీలు పంపాను. సారాంశం నీకు రాస్తున్నాను.

అది గ్రీకు మాట. దియాకొనొస్. కొందరు దాన్ని విడగొట్టి "దుమ్ములోంచి వచ్చేవాడు" అని చెప్తారు, అంటే యజమాని పని మీద దుమ్ము రేపుకుంటూ పరుగెత్తేవాడని. వినడానికి బాగుంటుంది గాని నిలబడదు. ఎక్కువమంది ఒప్పుకునే అర్థం, పని చేసిపెట్టేవాడు, ముఖ్యంగా బల్ల దగ్గర నిలబడి వడ్డించేవాడు. అధికారి అన్న వాసన కూడా మొదట లేదు. తొలి సంఘంలో రోజూ అన్నం పంచేటప్పుడు కొందరు విధవరాళ్లకి అందడం లేదని గొడవైతే, ఆ పని చూసుకోమని ఏడుగురిని పెట్టారు. డీకన్లకి మూలం అక్కడే ఉందని పాతకాలం నుంచీ చెప్పుకుంటూ వస్తున్నారు. నా మటుకు నాకు ఆ భాగం చదువుతుంటే గరిటమ్మ వంటగదే గుర్తొచ్చింది.

తర్వాత తర్వాత ఆ వడ్డించేవాళ్లే బిషప్పు పక్కన నిలబడి, అంగీలు వేసుకుని, ఆస్తులు చూసే పెద్దలైపోయారు. ఆడవాళ్ల సంగతికొస్తే, మొదటి రోజుల్లోనే ఒక రేవు పట్టణంలో ఒకావిడని అదే మాటతో పిలిచారు. అయితే అక్కడ అది పదవి పేరా, పని పేరా అన్న దాని మీద భిన్నాభిప్రాయాలున్నాయి. నిజాయితీ కోసం ఆ సంగతి కూడా రాశాను.

గరిటమ్మని అడిగానని చెప్పు.

తమ్ముడు


కుట్టుమిషను పక్క నుంచి,
జులై 2

ఒరేయ్,

నిజాయితీ కోసమా? నీ నిజాయితీ మండిపోను!

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. నీ పదకొండు పేజీలు స్టేషన్ మాస్టారే నిలబడి చదివాడు. వడ్డించేవాడు అన్న చోట అందరూ తల ఊపారు. విధవరాళ్ల అన్నం దగ్గర పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అయిపోయింది, నా కార్డు నాకొచ్చేసింది అనుకున్నా. ఆఖరి పేజీలో ఉంది కదా నీ మహావాక్యం, భిన్నాభిప్రాయాలున్నాయి అని. మాస్టారు అక్కడ ఆగి, కాగితం దించి, "చూశారా, పండితులకే తేలలేదు, మనం తొందరపడకూడదు" అన్నాడు. ఉపసంఘం వేశారు. ఐదుగురు. నెలకోసారి కలుస్తారట.

ఒక్క ముక్క అడిగితే పదకొండు పేజీలు, ఆ పదకొండు పేజీల్లో నా కొంప ముంచడానికి సరిగ్గా ఒక్క ముక్క. నీ చదువుకి నా దండం.

ఇంకా విను. ఉపసంఘం మొదటి సమావేశం కూడా అయింది. ఏం మాట్లాడారనుకున్నావ్? ఒకవేళ ఆడవాళ్లకి ఇస్తే భుజం మీద పట్టీ ఏ రంగుది వెయ్యాలా అని. ఊదా రంగా, తెలుపా. గంటన్నర! ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. ఆఖరికి ఏ రంగైనా కుట్టేది నేనే కాబట్టి గుడ్డ రేటు కనుక్కుని రమ్మన్నారు నన్నే.

నాలుగింటికి వెళ్లి చూసొస్తున్నా. పన్నెండింటికి ఆయా పెట్టింది చాలావరకు మెడ మీదే ఉంటోంది. తడిగుడ్డతో తుడుస్తా, ఆవిడ నా చేతుల వంక చూస్తుంది. క్యారేజీ లేదని చూస్తుంది. మాట సరిగ్గా రాదు కదా, వేలితో తన నోరు చూపిస్తుంది. గేటు బయటికొచ్చి ఏడ్చా. ముప్పై తొమ్మిది కిలోలు.

ఒక్కటడుగుతా, సూటిగా చెప్పు. ఆవిణ్ణి ఆసుపత్రిలో చేర్పించింది నువ్వే కదా. నేనప్పుడు బట్టల ఫ్యాక్టరీలో వేరే ఊళ్లో ఉన్నా. ఆవిడకి చుట్టాలెవరైనా ఉన్నారని అప్పుడేమైనా చెప్పిందా? దూరపు చుట్టమైనా పర్లేదు, కాళ్లు పట్టుకుని తీసుకొచ్చుకుంటా. నేను ఇక్కడికి తిరిగొచ్చాక ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్తానని ఆఫీసులో మూడుసార్లు అడిగా. సొంతవాళ్లు సంతకం పెడితేనే పంపిస్తాం అన్నారు. ఆ సొంతవాళ్లు ఎవరో చెప్పినవాడు లేడు.

అక్క


నిఘంటువు ఆఫీసు, మూడో అంతస్తు
జులై 13

అక్కా,

నీ కోపం న్యాయమే. కాని లేని ఏకాభిప్రాయం ఉందని రాస్తే రేపు ఎవరైనా పుస్తకం తీసి చూపిస్తే పోయేది నీ మాటే కదా, నా ఉద్దేశం అది. ఉపసంఘానికి ఇంకో ఉత్తరం పంపాను, ఈసారి నాలుగు పేజీలే. మూడో నాలుగో శతాబ్దాల్లో ఆడ డీకన్లు జబ్బుపడ్డ స్త్రీల ఇళ్లకి వెళ్లి చూసుకునేవాళ్లని స్పష్టంగానే ఉంది. దీని మీద భిన్నాభిప్రాయాలు లేవు. ఉన్నా రాయలేదు.

పట్టీ రంగు గురించి కూడా చిన్న వివరణ ఇచ్చాను, అడిగారు కాబట్టి.

చుట్టాల సంగతి ఆసుపత్రి రికార్డులకి సంబంధించింది. తొమ్మిదేళ్ల నాటి మాట. ఆ రోజు హడావిడిగా ఉంది, హాస్టల్ తరఫున చేర్పించాను. ఏం రాశారో ఏమో. దాని వెనకపడి నువ్వు సమయం పాడుచేసుకోకు, కార్డు దారే మంచిది.

మా ఇంట్లో అందరూ బాగున్నారు. పాపకి పళ్లు ఊడుతున్నాయి.

తమ్ముడు


ఆసుపత్రి ఎదురు బెంచీ మీద నుంచి,
జులై 28

నిన్ను ఏమని పిలవాలో తెలియక పేరూ వరసా లేకుండా మొదలుపెడుతున్నా.

పొద్దున రికార్డు గదికి వెళ్లా. నువ్వు వద్దన్నావు కదా, అందుకే వెళ్లా. చిన్నప్పట్నుంచీ నువ్వు దేని వైపు చూడొద్దంటావో నీ తప్పు అక్కడే ఉంటుంది. అక్కడి గుమస్తా మంచివాడు. వాళ్లావిడ జాకెట్లు నేనే కుడతా. పాత అట్ట తీసి, దుమ్ము దులిపి, "బంధువులు లేకపోవడమేంటమ్మా, ఈవిడకి కొడుకున్నాడు" అన్నాడు.

కొడుకా, ఎవరు బాబూ అన్నా. కాగితం నా వైపు తిప్పాడు. సంబంధం అన్న చోట కొడుకు అని ఉంది. కింద సంతకం ఉంది. ఆ సంతకంలో వంకరటింకర మొదటి అక్షరం నేర్పింది నేనే రా, పలక మీద, నా చెయ్యి నీ చెయ్యి మీద పెట్టి.

అయ్యిందా? కాలేదు. ఆ కాగితం వెనక ఇంకో కాగితం. చేర్చిన ఐదు నెలలకి ఆసుపత్రి నీకు రాసిన ఉత్తరం నకలు. మీ తల్లిగారు కోలుకోవలసినంత కోలుకున్నారు, ఇక వైద్యం అవసరం లేదు, వచ్చి ఇంటికి తీసుకువెళ్లగలరు అని. దాని మీద ఎర్రసిరాతో "జవాబు లేదు". మళ్లీ రెండు నెలలకి ఇంకోటి. దాని మీదా అదే. ఆ తర్వాత వాళ్లు రాయడం మానేశారు, ఆవిణ్ణి ఆ వార్డులో వదిలేశారు.

తొమ్మిదేళ్లు. నేను ఇంటికి తీసుకెళ్తానని ఆ కిటికీ దగ్గరే నిలబడి మూడుసార్లు బతిమాలుకున్నా. నువ్వు నాలుగు గంటల బస్సు దూరంలో, జేబులో కలం పెట్టుకుని కూర్చున్నావు. రెండు వేల ఏళ్ల కిందటి వాడు బల్ల దగ్గర ఎలా నిలబడ్డాడో తవ్వి తీశావు. నీకు చెంచాతో పెట్టి పెంచిన మనిషి ఎక్కడుందో నీకు తెలియలేదా? నాకు జ్వరమొస్తే నిన్ను చంకనేసుకుని పొయ్యి దగ్గర నిలబడింది, ఆ చంక ఇప్పుడు ఎముకలగూడు.

నిన్న తూకం ముప్పై ఏడు. నర్సు నా చెయ్యి పట్టుకుని ఇలాగే ఉంటే నెల దాటదమ్మా అంది.

ఉపసంఘం ఆగస్టు పదో తారీకున మళ్లీ కలుస్తుంది. నాకు ఆ కార్డు అక్కర్లేదు. ఎందుకు చేశావో రాయి. పేజీలొద్దు.


ఇంటి నుంచి, ఆఫీసు నుంచి కాదు
ఆగస్టు 1

అక్కా,

చేర్చుకోవాలంటే సొంతవాళ్లు ఉండాలన్నారు. అందుకని కొడుకు అని రాశాను. రాసేటప్పుడు అబద్ధం అనిపించలేదు. నిజం చెప్తున్నా, ఎంతో తేలిగ్గా రాసేశాను.

ఆ ఉత్తరం వచ్చేసరికి నా పెళ్లయి మూడు వారాలు. అత్తగారి వైపు వాళ్లకి మా అమ్మ చిన్నప్పుడే పోయిందని, నాకు నువ్వు తప్ప ఎవరూ లేరని చెప్పుకున్నాం. రెండు గదుల ఇల్లు. హాస్టల్ వంటావిణ్ణి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టి ఈవిడ మా అమ్మ అని ఎలా చెప్పాలో తెలియలేదు. సిగ్గుపడ్డాను. వారం ఆగి రాద్దామనుకున్నా. వారం నెలైంది. నెల దాటాక ఆలస్యానికి ఏం కారణం రాయాలో తోచలేదు. రెండోది విప్పలేదు కూడా. రెండూ బీరువా సొరుగులో ఉన్నాయి.

నువ్వు తిరిగొచ్చి ఆవిణ్ణి చూసుకుంటున్నావని తెలిసినప్పుడు నాకు ఊరటగా అనిపించింది. ఆ ఊరట కోసమే నోరు మూసుకున్నాను. క్షమించమని అడగడం లేదు.

వచ్చే శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను. గేటు దగ్గర ఉండు.

తమ్ముడు


కుట్టుమిషను పక్క నుంచి,
ఆగస్టు 13

ఒరేయ్ సగం మనిషీ,

నువ్వెళ్లాక జరిగింది చెప్తా, తర్వాత తిడతా.

నువ్వు గేటు పుస్తకంలో కొడుకు అని రాసి, దాని కింద నన్ను కూతురు అని రాయించడానికి పట్టిన సమయం ఎంతో తెలుసా? గేటు మనిషి టీ గ్లాసు కింద పెట్టి మళ్లీ ఎత్తే లోపల అయిపోయింది. రెండు నెలలు కమిటీ, ఉపసంఘం, పదిహేను పేజీలు, గ్రీకు! నాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు.

నువ్వు పెట్టిన మొదటి చెంచా నీ చొక్కా మీదే ఉమ్మింది కదా, మనసులో పెట్టుకోకు. కుడివైపు పెట్టావు. ఎడమ అని నేను ఉత్తరంలోనే రాశా, నువ్వు చదివితేగా. ఇప్పుడు రోజూ వెళ్తున్నా. గిన్నె ఖాళీ చేస్తోంది. నిన్నటికి ముప్పై ఎనిమిది.

ఆదివారం ఇంకో వింత. ఉపసంఘం తీర్మానం చేసేసింది. స్టేషన్ మాస్టారే కార్డు పట్టుకుని మా ఇంటికొచ్చాడు, తెల్ల పట్టీతో సహా. "డీకన్ అమ్మా" అని పిలిచాడు కూడా. నాకు ఇక గేటు దాటడానికి ఇది అక్కర్లేదండీ, కానీ పక్క మగాళ్ల వార్డులో చివరి మంచం మీద మన పాత పోస్టుమాన్ ఉన్నాడు, ఆయనకీ తినిపించేవాళ్లు లేరు, ఈ కార్డు మీ పేరున రాయించుకుని మీరు రండి అన్నా. కార్డు ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. "వడ్డించేవాడు అని మీరే కదండీ చదివారు" అన్నా. పాపం, మంగళవారం వచ్చాడు. ఇస్త్రీ చొక్కాతో వచ్చి జావ మరకలతో వెళ్లాడు. గురువారం మళ్లీ వస్తానన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఇన్నాళ్లూ ఎవరూ చేతికి చెంచా ఇవ్వలేదంతే.

ఇక తిట్లు. ఇంటికి పంపే కాగితం మీద కొడుకు సంతకం కావాలి, కూతురు అని పక్కన రాయించుకున్నది చాలదు అని గుమస్తా ఆ రోజే చెప్పాడా లేదా? నువ్వు కలం మూత తీసి, మళ్లీ పెట్టి, మూడు గంటల బస్సు తప్పిపోతుందని పారిపోయావు. నీ భార్యకి ఇంకా చెప్పలేదు కదూ? నాకు తెలుసు. ఆ పిల్లకి చెప్పనంతకాలం నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టలేవు. మిషను తీసి వీధి గదిలో వేసుకున్నా, లోపలి గది ఖాళీ చేసి మంచం వేశా. ఇంకేం కావాలి నీకు? ఆవిడ ఆ వార్డులో పోతే, ఆ సంతకం నిన్నిక జన్మలో అడగను. నువ్వెలా ఉన్నావనీ అడగను.

అక్క


ఇంటి నుంచి,
ఆగస్టు 20

అక్కా,

చెప్పాను. ఎలా చెప్పాలో రెండు రోజులు ఆలోచించి, ఆఖరికి సొరుగు తీసి రెండు ఉత్తరాలూ తన ముందు పెట్టాను. విప్పినదొకటి, విప్పనిదొకటి.

తను మొదటిది రెండుసార్లు చదివింది. రెండోది తనే చించి చదివింది. తర్వాత అడిగింది, "నేను వద్దంటానని నీకెవరు చెప్పారు?" అని. ఎవరూ చెప్పలేదన్నాను. "నన్ను అడక్కుండానే నా జవాబు నువ్వే రాసుకుని, తొమ్మిదేళ్లు ఆ ముసలావిడ మీద వేశావు" అంది. నువ్వు తిట్టిన తిట్లన్నీ కలిపినా దానికి సరిపోవు.

పొద్దున నేను లేచేసరికి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆసుపత్రికి జవాబు రాసింది, ఆ పాత ఉత్తరం తేదీ, నంబరు అన్నీ వేసి. పోస్టు చేసే ముందు నాకు చూపించింది. నకలు తీసి నీకు పంపుతున్నాను, ఉన్నది ఉన్నట్టు. నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

"అయ్యా, మీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది, క్షమించండి. మా అత్తగారిని ఇంటికి తీసుకువెళ్లడానికి ఆదివారం వస్తున్నాం. ఆమె కొడుకు సంతకం పెడతాడు. పక్కన నేనుంటాను."

తమ్ముడు